ఊతకర్ర

సంపూర్ణమ్మ దేవుణ్ణి అడిగేది ఒక్కటే. పొద్దున్నే దీపం వెలిగించి, అగరొత్తి తిప్పి, కళ్ళు మూసుకుని, "నా రెక్కలు ఆడేలా చూడు స్వామీ, మిగతాది నేను చూసుకుంటాను" అనేది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ అదే మాట. ఊళ్ళో మిగతావాళ్ళందరూ పిల్లకి సంబంధం కుదర్చమనీ, చెరువులో రొయ్య చావకుండా చూడమనీ, పిల్లాణ్ణి పరీక్షలో గట్టెక్కించమనీ వేణుగోపాలస్వామిని పీక్కు తింటూంటే, ఈవిడొక్కతే మీకెందుకండీ శ్రమ అన్నట్టు మాట్లాడేది. అందులో భక్తి ఎంతో, బింకం ఎంతో వేరు చేసి చెప్పడం కష్టం. ఆవిణ్ణే అడిగితే, "బింకమేంటండి, ఆయనకి మాత్రం ఎన్ని పనులు!" అని నవ్వేసేది.

ఆ బింకానికి కారణం లేకపోలేదు. వాళ్ళ ఊరు రామచంద్రపురం నుంచి కాలవ గట్టు మీద ఆటోలో వెళ్తే అరగంట. కొత్తకోడలిగా వచ్చిన ఏడు, కోతలప్పుడు తుపాను ముంచుకొచ్చింది. కూలీలు దొరకలేదు. పురికొస పట్టుకోవడం కూడా సరిగ్గా రాదనుకున్న పిల్ల, చీర కుచ్చిళ్ళు బిగించి, మొగుడితో సమానంగా వరి మోపులు నెత్తిన పెట్టుకుని చేలోంచి గట్టుకి మోసింది. అప్పట్నుంచీ ఊళ్ళో "సంపూర్ణమ్మా? ఆవిడకేంటండి, పదిమంది మగాళ్ళ పెట్టు" అనే మాట స్థిరపడిపోయింది. కొందరికి మెళ్ళో నాను ఉంటుంది, కొందరికి చేతులకి గాజులుంటాయి. ఆవిడకి ఆ మాట ఉండేది. పడుకునేటప్పుడు కూడా దాన్ని తీసేది కాదు.

ఆవిడ మొగుడు బుల్లబ్బాయి. ఆయన సంగతి చెప్పాలంటే ముందు స్వామి పల్లకి సంగతి చెప్పాలి.

ఆ ఊళ్ళో వైశాఖమాసంలో వేణుగోపాలస్వామి కల్యాణం. కల్యాణం మర్నాడు సాయంత్రం, ఎండ చల్లబడ్డాక, స్వామి పల్లకి ఎక్కి ఊరంతా తిరుగుతాడు. పల్లకి మొయ్యడం ఆ ఊరి రైతు కుటుంబాల వంతు. టేకు పల్లకి, ఇత్తడి తొడుగులు, పంచలోహ విగ్రహాలు, బండెడు పూలు. ముందు నలుగురూ వెనక నలుగురూ పడితే గాని లేవదు. ముందు బొంగు కుడివైపు భుజం బుల్లబ్బాయిది. పాతికేళ్ళు నిండకుండా పట్టిన బొంగు, నెత్తి పండేదాకా వదల్లేదు. భుజం మీద కాయ కాసి, చొక్కా వేసుకున్నా ఉబ్బెత్తుగా కనపడేది. "నేను దేవుణ్ణి మోస్తాను, మా ఆవిడ ఇంటిని మోస్తుంది, మా ఇద్దర్లో ఎవరి బరువు ఎక్కువో తేలలేదు" అని అరుగు మీద కూచుని వేళాకోళం ఆడేవాడు.

పల్లకి ఇంటింటి ముందూ ఆగుతుంది. గుమ్మానికి ఎదురుగా తిప్పి నిలబెట్టి, బొంగుల కింద ఊతకర్రలు పెడతారు. భుజమెత్తున ఉండి, పైన పంగ ఉన్న గట్టి కర్రలవి. పంగలో బొంగు ఆనగానే బరువంతా కర్రలోంచి నేలకి దిగిపోతుంది. మోసేవాడు ఆ కాసేపూ కర్ర పక్కకి ఒరగకుండా చెయ్యి వేసి ఉంచితే చాలు. వినడానికి తేలిక. కాని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళకి ఇదే చేతకాదు. కర్ర పెట్టాక కూడా, స్వామి ఎక్కడ పడిపోతాడో అని భుజం బిగబట్టి బొంగు కిందే ఉంచేస్తారు. వీధి చివరికొచ్చేసరికి మెడ నరాలు పట్టేసి, కళ్ళు తిరిగి, ఎవరింటి అరుగు మీదో కూలబడతారు. అందుకని బుల్లబ్బాయి ప్రతి గుమ్మం దగ్గరా కేకేసేవాడు. "కర్ర పెట్టు! భుజం దించు!" మళ్ళీ కళ్ళెర్రజేసి, "దించరా భుజం! నువ్వు మొయ్యకపోతే దేవుడేం పడిపోడు" అనేవాడు. పల్లకి వచ్చిందని ఆడవాళ్ళకి తెలిసేది సన్నాయిని బట్టి కాదు, ఆ కేకని బట్టి.

ఆయనకి ఒక్కటే వెలితి. ముందు బొంగు మోసేవాడి వీపు స్వామికి, ముఖం వీధికి. ఊరందరి గుమ్మాల్లోనూ హారతి వెలుగుతుంటే, ఆ వెలుగు జనం ముఖాల మీద చూడాల్సిందే గాని, స్వామి ముఖం మీద ఆయన చూసింది లేదు. తన ఇంటి ముందైనా అంతే. సంపూర్ణమ్మ పళ్ళెం పట్టుకుని మొగుడి భుజం పక్కనుంచి హారతి ఇచ్చేది. ఆవిడ హారతిలో స్వామీ, మొగుడూ ఎప్పుడూ కలిసే ఉండేవారు. "గుళ్ళో రోజూ చూస్తూనే ఉన్నారు కదండీ" అని ఒకసారి అంటే, ఆయన ఆలోచించి చెప్పాడు. "గుళ్ళోకి మనం వెళ్తామే. వీధిలోకి ఆయనే వస్తాడు. అది వేరు."

అలాంటి మనిషి, రెండేళ్ళ కిందట రెండో పంట దాళ్వా నాట్లప్పుడు చేలో గట్టు మీద కూలిపోయాడు. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. ప్రాణం దక్కింది, అంతే చాలనుకుని ఇంటికి తెచ్చుకున్నారు. అదేమాట సంపూర్ణమ్మ అందరితోనూ అనేది. లోపల మాత్రం వేణుగోపాలస్వామి మీద కోపం నిప్పులా ఉండేది. అన్నేళ్ళు ఆ భుజం మీద ఊరేగి, చివరికి ఆ భుజాన్నే తీసుకుంటాడా? దీపం మానలేదు గాని, వెలిగించేటప్పుడు స్వామి ముఖంలోకి చూడ్డం మానేసింది. పల్లకి వచ్చినా గుమ్మంలోకి రాకుండా, హారతి కోడలి చేత ఇప్పించేది.

ఇంట్లో మనుషుల్లేక కాదు. కొడుకు సాయికిరణ్ రొయ్యల మేత కంపెనీలో పని చేస్తూ చెరువుల వెంట తిరుగుతాడు గాని, రాత్రికి ఇంటికొస్తాడు. కోడలు మంజుష ఊళ్ళోనే కాన్వెంటులో టీచరు. ఇద్దరూ మంచివాళ్ళే. "అత్తయ్యా, మామయ్యగారిని లేపేటప్పుడు నన్ను పిలవండి" అని మంజుష చెప్పని రోజు లేదు. ఈవిడ పిలిచిన రోజూ లేదు. "నీకు స్కూలుకి టైమవుతుందమ్మా, వెళ్ళు" అనేది. మొగుణ్ణి మంచం మీంచి లేపాలి, కుర్చీలో కూచోబెట్టాలి, స్నానాల గదికి తీసుకెళ్ళాలి, ఒళ్ళు తుడవాలి, పంచె మార్చాలి, నోట్లో ముద్ద పెట్టాలి, మళ్ళీ పడుకోబెట్టాలి. అయిందనుకునేసరికి మళ్ళీ లేపాలి. ఆరడుగుల మనిషి. సగం ఒళ్ళు బతికే ఉన్నా, బరువు మాత్రం మొత్తం ఒంటిదీ ఉంటుంది.

సాయికిరణ్ చూసి చూసి, లోవమ్మ అనే ఆవిణ్ణి మాట్లాడి తీసుకొచ్చాడు. పక్క ఊరావిడ, మంచాన పడ్డవాళ్ళకి సేవ చెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ గుమ్మంలో నిలబడి, "పెద్దాయన్ని నేను చూసుకుంటానండి, మీరు కాసేపు నడుం వాల్చండి అమ్మగారూ" అంది. నడుం వాల్చండి అన్న మాటే సంపూర్ణమ్మకి తిట్టులా వినపడింది.

"నేనింకా మంచాన పడలేదమ్మా. పడ్డాక కబురు పెడతాను" అని, పాపం కాఫీ ఇచ్చి మరీ పంపించేసింది.

సాయంత్రం కొడుకు అడిగితే, "మీ నాన్నగారికి పరాయివాళ్ళు ముట్టుకుంటే నచ్చదురా" అంది. బుల్లబ్బాయి మంచం మీంచి ఎడంచెయ్యి ఊపుతూ ఏదో అనబోయాడు. ఆ అనబోయింది విననట్టే ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఊరికే అనలేదు పెద్దలు.

నిజం చెప్పాలంటే ఆవిడ అలిసిపోయింది. ఒళ్ళు నొప్పి అయితే జండూబాంతో పోయేది. ఇది అలాంటిది కాదు. అన్నం తింటూ తింటూ చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. కుళాయి తిప్పి, బిందె నిండి పొర్లిపోతున్నా చూస్తూ నిలబడేది. నడుం దగ్గర ఒక పోటు, లేచినప్పుడల్లా కాలి మడమ దాకా పాకేది. పశువుల పాకలో గేదె పక్కన గోడకి ఆనుకుని ఏడ్చేది. గేదె ఎవరికీ చెప్పదని ఆవిడకి ధీమా. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "ఏవండీ, ఇవాళ పెసరట్టు వేసేదా?" అనేది.

ఈ ఏడు ఉగాది వెళ్ళాక ఒక పొద్దున, ఆయన ఎడంచేత్తో గోడ మీద స్వామి పటం చూపించి, తర్వాత వీధి గుమ్మం చూపించి, తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నిల...బడి" అన్నాడు. ఆ రెండు ముక్కలకీ చెమట పట్టేసింది ఆయనకి.

సంపూర్ణమ్మకి అర్థమైంది. పల్లకి తన గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఈసారైనా, స్వామికి ఎదురుగా నిలబడి చూడాలని. మంచంలో పడుకుని కాదు, కుర్చీలో కూచుని కాదు. దేవుణ్ణి భుజాన మోసినవాడు దేవుడి ముందు కూచోడు కదా.

"నిలబెడతానండి. నేను నిలబెడతాను మిమ్మల్ని" అంది. అక్కడితో ఆగితే బాగుండేది. పాలకొచ్చిన వాళ్ళతోనూ, కూరలమ్మేవాడితోనూ, గుళ్ళో అర్చకస్వామితోనూ కూడా చెప్పింది. "ఈసారి మావారు నిలబడి హారతి తీసుకుంటారు, నా చేత్తో నిలబెడతాను, చూడండి." చెప్పినవాళ్ళందరూ, "మీరు చెయ్యగలరండి, మీకేంటి" అన్నారు. ఆ మాటతో ఇక వెనక్కి పోయే దారి మూసుకుపోయింది.

రామచంద్రపురం నుంచి వారానికోసారి వచ్చి కాళ్ళూ చేతులూ ఆడించి వెళ్ళే ప్రసన్నకుమార్ అనే ఫిజియోథెరపీ డాక్టరు, సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"నిలబడొచ్చమ్మా, తప్పకుండా. కాని ఇటొకరూ అటొకరూ ఉండాలి. ఒక్కరే పడితే ఆయనా పడతారు, మీరూ పడతారు."

"ఇన్నాళ్ళూ ఒక్కదాన్నే లేపుతున్నాను కదా బాబూ."

"లేపడం వేరు, నిలబెట్టి ఉంచడం వేరండి. మీ నడుం సంగతి కూడా ఒకసారి చూపించుకోండి. మీరు నడిచే పద్ధతి నాకు నచ్చలేదు."

ఆవిడ నవ్వి, ఆయనకి మజ్జిగ ఇచ్చి పంపించింది. మర్నాటి నుంచి పొద్దున్నే మంజుష స్కూల్లో వేసవి క్లాసులకి వెళ్ళాక, వీధి తలుపు దగ్గరికి వేసి, సాధన మొదలుపెట్టింది. ఆయన నడుముకి తువ్వాలు చుట్టి, ముడి వేసి, అది పట్టుకుని లేపేది. పడిపోయిన చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, చంకలో తన భుజం దూర్చి నిలబెట్టేది. గోడ గడియారం కింద ఇద్దరూ ఊగుతూ నిలబడేవారు. మొదట్లో ఒక్క క్షణం, తర్వాత మరి కాస్త. ఆయన ముఖంలో చిన్నపిల్లాడి సంబరం. ఆవిడ నడుములో గునపాలు.

కల్యాణం ఇంకో వారంలో ఉందనగా ఇద్దరూ పడ్డారు. స్నానాల గదిలో తడి గచ్చు మీద ఆవిడ కాలు జారింది. ఆయన ఆవిడ మీద పడ్డాడు కాబట్టి ఆయనకేం కాలేదు. ఆవిడ గోడకి కొట్టుకుని, లేవలేక, ఆయన్ని లేపలేక, ఎవర్నీ పిలవలేక అలాగే ఉండిపోయింది. పిలిస్తే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తారు. పమిట చెంగు నోట్లో కుక్కుకుంది. సాయానికి రాని మనుషుల్లేరు ఆ వీధిలో, అయినా సరే. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మంజుష చూసి లబోదిబోమంది.

ఇద్దరూ కలిసి ఆయన్ని మంచం మీదికి చేర్చాక, సంపూర్ణమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "వాడికి చెప్పకు తల్లీ. కల్యాణం అయ్యేదాకా చెప్పకు."

మంజుష కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎందుకత్తయ్యా ఇదంతా? నన్ను ఒక్క కేక వేస్తే ఏం పోతుంది?"

ఏం పోతుందో సంపూర్ణమ్మకి తెలుసు గాని, చెబితే అది మరీ చిన్న సంగతిలా వినపడుతుందని చెప్పలేదు. ఆ సాయంత్రం దీపం పెట్టి, మామూలుగా "నా రెక్కలు ఆడేలా చూడు" అనబోయి, చేతిలో అగరొత్తి కింద పెట్టేసింది. "ఇంతకాలం ఇంకేమన్నా అడిగానా నిన్ను? ఆ ఒక్కటీ ఇవ్వలేవా?" అంది. అరిచినట్టే అంది. పటంలో స్వామి వేణువు ఊదుకుంటున్నాడు. ఆయనకి అదేమీ కొత్త కాదు.

ఊరేగింపు రోజు వచ్చింది. మధ్యాహ్నమంతా కొబ్బరాకు కదలని ఉక్క. సాయంత్రం కాలవ మీంచి కాస్త గాలి వీచింది. వీధంతా పేడనీళ్ళు చల్లి ముగ్గులు పెట్టారు. సాయికిరణ్ గుడి దగ్గర పల్లకి వెనక బొంగుకి వెళ్ళాడు. బుల్లబ్బాయి జాగాలో ముందు బొంగు పట్టింది రామకృష్ణ. ఆయనకి తమ్ముడి వరసైనవాళ్ళ అబ్బాయి, ఆయన దగ్గరే మోత నేర్చుకున్నాడు. సంపూర్ణమ్మ మొగుడికి జరీ పంచె కట్టి, నుదుట నామం దిద్ది, గుమ్మం ముందు కుర్చీ వేసి కూచోబెట్టింది. నడుముకి చుట్టిన తువ్వాలు కండువా కింద దాచింది. మంజుష ఇంకొకసారి అడిగింది.

"ఇటు పక్క నేను పట్టుకుంటానత్తయ్యా."

"నువ్వు పళ్ళెం పట్టుకో. ఆయన సంగతి నేను చూసుకుంటాను."

సన్నాయి వినపడింది. తర్వాత పొన్నచెట్టు మలుపు దగ్గర దీవిటీలు, గోవిందా అనే కేకలు. పల్లకి వచ్చి గుమ్మానికి ఎదురుగా తిరిగింది. "కర్ర పెట్టు! భుజం దించు!" అని రామకృష్ణ కేకేశాడు. అది అచ్చం బుల్లబ్బాయి కేకే, గొంతు ఒక్కటే వేరు. ఊతకర్రలు నేలకి తాకిన చప్పుడు వినగానే, కుర్చీలో ఆయన ఒళ్ళంతా కదిలింది.

సంపూర్ణమ్మ తువ్వాలు పట్టుకుని, పళ్ళు బిగించి లేపింది. లేచాడు. ఆయన చెయ్యి మెడ చుట్టూ వేసుకుని, చంకలో భుజం దూర్చింది. నిలబడ్డాడు. జనంలో గుసగుస లేచి, తర్వాత చప్పట్లయ్యాయి. "సంపూర్ణమ్మా, మజాకానా!" అన్నారెవరో. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. అంతా బాగానే ఉండేది, హారతి వెంటనే వెలిగి ఉంటే. గాలికి కర్పూరం ఆరిపోయింది. అర్చకస్వామి ఇంకో బిళ్ళ తీసి వెలిగించబోయాడు, అదీ ఆరింది.

అప్పుడు ఆవిడ నడుములో ఏదో పుటుక్కుమంది. కళ్ళ ముందు తెల్లటి మెరుపొకటి పోయింది. ఆయన మోకాలు మెల్లగా వంగుతోంది. ఆ వంగడం ఆవిడ భుజానికి తెలుస్తోంది గాని, చుట్టూ ఉన్నవాళ్ళకి తెలియడం లేదు. వాళ్ళింకా మెచ్చుకుంటూనే ఉన్నారు. ఆయన ఎటు చూస్తున్నాడో కూడా ఆవిడకి కనపడలేదు. తల ఆయన చంక కింద ఇరుక్కుపోయి, ఆవిడ కళ్ళకి కనపడేదల్లా తడి నేల, ఆ నేల మీద నిశ్చింతగా నిలబడ్డ ఊతకర్రల మొదళ్ళు. వాటి మీద పల్లకి ఉంది. పల్లకిలో స్వామి ఉన్నాడు. కర్రల పక్కన నిలబడ్డవాళ్ళు చెమటలు తుడుచుకుంటున్నారు. ఈవిడొక్కతే మోస్తోంది.

చెవి పక్కన ఆయన ఊపిరి వేడిగా తగిలింది.

"భు...జం" అన్నాడు. తర్వాత ఊపిరి కూడదీసుకుని, "దిం...చు."

"దించితే పడిపోతారండీ!"

"దించ...వే."

అన్నేళ్ళు వీధిలో కుర్రాళ్ళని గదమాయించిన గొంతులో మిగిలింది ఆ కాస్తే. అయినా అదే గొంతు. సంపూర్ణమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకేమీ మిగల్లేదు ఆవిడ దగ్గర. రెక్కల్లేవు, బింకం లేదు, చివరికి కోపం కూడా లేదు. తల ఎత్తకుండానే, నేలనే చూస్తూ, అందరికీ వినపడేలా అంది.

"నా వల్ల కావట్లేదు స్వామీ. నువ్వే చూడు."

భుజం తీసేసింది.

దేవుడేమీ పల్లకి దిగి రాలేదు. బుల్లబ్బాయి కూలిపోవలసినట్టే కూలిపోబోయాడు. కాని ఆ మాట ఆవిడ నోట ఎన్నడూ వినని రామకృష్ణ అప్పటికే కదిలాడు. "వదినా, కర్ర పట్టుకో!" అని ఊతకర్రని మంజుష వైపు తోసి, ఒక్క అంగలో వచ్చి పెదనాన్నని చంకలో చేతులు వేసి పట్టేశాడు. పక్కవాడు తన కర్ర వెనకవాడికి అప్పజెప్పి రెండో వైపు పట్టాడు. వెనక బొంగు దగ్గర్నుంచి సాయికిరణ్ తన కర్రని ఎవరి చేతికో ఇచ్చి తల్లి కోసం పరిగెత్తాడు. హారతి పళ్ళెం అరుగు మీద పెట్టేసి మంజుష ఊతకర్ర పట్టుకుంది. ఆడది పల్లకి కర్ర ముట్టుకోవడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. అర్చకస్వామి నోరు తెరిచి, ఒకసారి స్వామి వైపు చూసి, మళ్ళీ మూసుకున్నాడు.

పల్లకి పడిపోలేదు. ఎవరి భుజం మీదా లేకుండానే ఉంది. ఇద్దరు బోయీల మధ్య బుల్లబ్బాయి నిలబడ్డాడు, అదీ నిటారుగా. ముందు మోసేవాళ్ళిద్దరూ పక్కకి వచ్చేశారు కాబట్టి, స్వామికీ ఆయనకీ మధ్య అడ్డం ఏమీ లేదు. అర్చకస్వామి అరుగు మీది పళ్ళెం అందుకున్నాడు, ఈసారి కర్పూరం వెలిగింది. ఆ వెలుగు మొదట స్వామి ముఖం మీద, తర్వాత ఆయన ముఖం మీద పడింది. ఆయన చూశాడు. ఎడంచెయ్యి ఒక్కటే లేచి నుదుటి దాకా వెళ్ళింది. పక్కనున్న రామకృష్ణ తన చేత్తో ఆయన కుడిచెయ్యి లేపి ఎడంచేతి పక్కన చేర్చాడు. నోరు కదిలింది గాని, ఏమన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. ఎదుటివాడికి అర్థమై ఉంటుంది.

సంపూర్ణమ్మ ముగ్గు మీదే చతికిలబడి ఉంది. పట్టుచీరకి పేడనీళ్ళు అంటుకున్నాయి. కొడుకు భుజం పట్టుకుని లేపబోతే, "ఉండరా, కాసేపు" అంది. మొగుడి భుజం అడ్డం లేకుండా ఆవిడ కూడా స్వామిని వీధిలో చూడ్డం అదే మొదలు. రెండేళ్ళ తర్వాత ఆ స్వామి ముఖంలోకి చూసింది. తిడదామనుకున్న మాటలు చాలానే ఉండేవి. ఒక్కటీ గుర్తు రాలేదు.

తర్వాత గోవిందా అన్నారు. భుజాలు ఆనాయి, కర్రలు లేచాయి, పల్లకి పక్కింటికి వెళ్ళిపోయింది.

బుల్లబ్బాయికి కాలు రాలేదు. మాటా రాలేదు. మర్నాడు పొద్దున్న కూడా ఆయన్ని లేపాల్సిందే, తుడవాల్సిందే, మళ్ళీ పడుకోబెట్టాల్సిందే. సంపూర్ణమ్మ నడుముకి రామచంద్రపురం డాక్టరు పట్టీ వేసి, బరువులు ఎత్తొద్దన్నాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు, సరేనంది. లోవమ్మకి తనే ఫోన్ చేయించింది. "పడ్డాక కబురు పెడతానన్నాను కదమ్మా, పడ్డాను, రా" అంది. లోవమ్మ వచ్చిన రోజు మధ్యాహ్నం ఆవిడ నడవాలో చాప మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది. బిందె నిండితే ఎవరో కుళాయి కట్టేశారు. అన్నం టైముకి ఎవరో ఆయనకి ముద్ద పెట్టారు. లేచి చూసుకుంటే ఇల్లు ఇల్లులాగే ఉంది. దానికి కాస్త సిగ్గుపడింది, కాస్త నొచ్చుకుంది కూడా. రోగం కుదిరినంత తొందరగా బింకం కుదరదు.

ఇంకో పొద్దున దీపం వెలిగించి, అగరొత్తి తిప్పి, కళ్ళు మూసుకుంది. "నా రెక్కలు..." అని అలవాటుగా మొదలైంది. అక్కడే ఆగింది. నూనెలో వత్తి చిటపటమంది.

"నువ్వే చూడు స్వామీ" అంది. ఇంకేమీ అడగలేదు.

లోపల్నుంచి లోవమ్మ పిలిచింది. "అమ్మగారూ, పెద్దాయన్ని లేపుతున్నామండి, మంజుషమ్మ అటు పట్టుకున్నారు. మీరు ఇటు వచ్చి ఒక చెయ్యి వేస్తారా?"

సంపూర్ణమ్మ వెళ్ళింది. ఒక చెయ్యే వేసింది.